గోడకు అటు మూడు, ఇటు ఏడు

మున్సిపాలిటీలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసినప్పుడల్లా కూర్చోబెట్టి టీ తెప్పిస్తారు. పింఛను కాగితాల కోసం నేను ఆఫీసుకు పోయిన రోజు వాళ్లకు ఏదో ఒక సందేహం సిద్ధంగా ఉంటుంది. ఈ మధ్య ఒకమ్మాయి అడిగింది: "సార్, మళ్లీ వార్డుల విభజన పని మా నెత్తిన పడేట్టుంది. ఏమన్నా మెళకువలు చెప్పండి." నాకు తెలిసిన మెళకువ ఒక్కటే ఉంది. అది చెప్పాలంటే ముందు నేను చేసిన ఘనకార్యం చెప్పుకోవాలి. ఆ రోజు టీ చల్లారిపోయింది కానీ కథ పూర్తి కాలేదు. అందుకే రాస్తున్నాను.

నేను పంచాయతీలో కారోబారుగా చేరాను. అంటే ఇంటి పన్ను రసీదు రాయడం నుంచి వీధి దీపం మార్పించడం వరకు అన్నీ చేసే గుమాస్తా అన్నమాట. మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఉన్న నాలుగైదు పంచాయతీలను కలిపి ఒక మున్సిపాలిటీ చేసినప్పుడు, ఆ ఊళ్లతో పాటు నేనూ అందులో కలిసిపోయాను. చివరికి రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా దిగాను. ఒక పక్క రింగు రోడ్డు, ఒక పక్క కోళ్లఫారాలు, కొంపల్లి నుంచి ఏడాదికింత జరుగుతూ వచ్చిన విల్లాలు, మధ్యలో పాత ఊళ్లు. గాలి జవహర్‌నగర్ చెత్త డంపు దిక్కు నుంచి తిరిగిన రోజు కిటికీలు మూసుకుని పని చేసేవాళ్లం.

నా రిటైర్మెంట్‌కు ఆరు నెలలుందనగా వార్డుల విభజన వచ్చింది. చట్టం చెప్పేది చిన్న మాటే. పట్టణాన్ని వార్డులుగా పంచాలి. ప్రతి వార్డులో ఓటర్లు ఇంచుమించు సమానంగా ఉండాలి. హద్దులు నేల మీద కనిపించాలి. ముందు ముసాయిదా ప్రకటించి, జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి వారం గడువు ఇవ్వాలి. విన్న తర్వాతే ఖాయం చేయాలి. ఎందుకింత తతంగం అంటే, వెయ్యి మందికి ఒక కౌన్సిలరూ, మూడు వేల మందికి ఒక కౌన్సిలరూ ఉంటే ఆ రెండోచోట మనిషి ఓటు విలువ మూడో వంతుకు పడిపోతుంది కాబట్టి.

మా కమిషనర్ మేడం వయసులో నా కూతురంత ఉంటుంది. అదే ఆమెకు మొదటి పోస్టింగు. "మీకు ప్రతి గల్లీ తెలుసు కదండీ, మీరే గీయండి" అని పని నాకు అప్పగించింది. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. ఓటర్ల జాబితా ఇంటి నంబర్ల వరసలో ఉంటుంది. మూడో సిరీస్ ఇళ్లన్నీ ఒక కుప్ప, ఏడో సిరీస్ ఇళ్లన్నీ ఇంకో కుప్ప. ఆ కుప్పలను కలుపుకుంటూ, తీసుకుంటూ పోతే వార్డు తయారవుతుంది. నేను కుర్చీలోంచి లేవకుండా పది రోజుల్లో మొత్తం తేల్చేశాను. ఒక వార్డుకూ ఇంకో వార్డుకూ తేడా ఎంత తక్కువ వచ్చిందంటే, మేడం అందరి ముందు మెచ్చుకుని మిర్చి బజ్జీలు తెప్పించింది. నేను నాలుగు తిన్నాను.

ముసాయిదా అంటించిన నాలుగో రోజున ఇద్దరు వచ్చారు. ఒకావిడకు అరవై దాటి ఉంటాయి, చేతిలో మడతలు పడ్డ ఓటరు చీటీ. ఆమె వెనకాల మెడలో కొలతల టేపు వేసుకున్న దర్జీ. టేపు తీసి రావడం కూడా మరిచిపోయినంత తొందరలో వచ్చినట్టున్నాడు. వాళ్లది రింగు రోడ్డు పక్కన రాళ్లు కొట్టేవాళ్లు వేసుకున్న పాత బస్తీ. ఇప్పుడు రాళ్ల పని లేదు, ఫ్యాక్టరీలకూ ఇళ్ల కట్టడాలకూ కైకిలి పోతారు.

"ఏంది సారు, గిట్ల జేసిన్రు?" అన్నదామె. "మా ఇల్లేమో విల్లాలోళ్ల వార్డుల ఏసిన్రు. గీ దర్జీ ఇల్లేమో పటేలోళ్ల ఊరు వార్డుల ఏసిన్రు. మా ఇద్దరికి నడుమ గోడ ఒక్కటే ఉన్నది."

"లెక్క ప్రకారం చేసిందమ్మా" అన్నాను కాగితంలోంచి తల ఎత్తకుండా. "ఎక్కడో ఒక చోట గీత పడాలి కదా."

"పడాలె. మా నడి ఇంట్లనే పడాల్నా?"

దర్జీ నెమ్మదిగా కల్పించుకున్నాడు. "సాబ్, హమారీ గల్లీ ఏకీచ్ హై. చావైనా పెళ్లైనా అందరం కలిసే చేస్తం. గిట్ల సగం సగం జేస్తే, అక్కడ గెలిచినాయన మేం తన మనుషులం కాదంటడు, ఇక్కడ గెలిచినాయన గూడ గదే అంటడు."

"పంచాయతీల నేను వార్డు మెంబర్ జేసిన" అన్నదామె. "అప్పుడు బస్తీ అంత ఒకటే వార్డు. కొట్లాడి బోరు ఏయించిన. గిప్పుడు బోరు ఎండింది. మూడు దినాలకొకసారి ట్యాంకర్ వస్తాంది. విల్లాల గోడ దాంక పైపు వచ్చి ఆగింది సారు. గోడ ఇవుతల మేమున్నం. పైపు అడగనీకి మాకు ఒక మనిషి కావాలె. రెండు తుకుడాలైతే మా మాట ఎవడు ఇంటడు?"

నేను వాళ్ల అర్జీ తీసుకుని ముద్ర వేసి, "పరిశీలిస్తాం" అన్నాను. ఆ మాటకు అర్థం ఏమిటో ఉద్యోగం చేసిన ప్రతివాడికీ తెలుసు. ఆమెకూ తెలుసనుకుంటాను, నా మొహం వైపు ఒకసారి తేరిపార చూసి వెళ్లిపోయింది.

మా ఆఫీసులో టేపు పట్టి కొలతలు తీసే చైన్‌మన్ ఒకాయన ఉండేవాడు. గౌడవెల్లి నుంచి బండి మీద వచ్చేవాడు. ఎవరినీ నొప్పించేవాడు కాదు కానీ, ఒక మాట అనాలనుకుంటే అని తీరేవాడు. ఆ రోజు నా టేబుల్ దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఒక్కసారి పోయి చూస్తే ఏం పోతది? పెట్రోల్ నాది."

"లెక్క కరెక్టుగా ఉందయ్యా."

"లెక్క కరెక్టే సార్. గోడ కూడ కరెక్టేనా అని."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కోపంతోనే బండెక్కాను. తప్పు లేదని నిరూపించి వద్దామని బయలుదేరిన మనిషిని నేను.

గల్లీకి ఒక చివర పాత బావి, ఇంకో చివర బస్సులు ఆగే రోడ్డు. మధ్యలో ఆమె ఇల్లు, దాన్ని ఆనుకుని దర్జీ ఇల్లు. నిజంగానే రెండింటికీ ఒకే గోడ. ఆమె ఇంటి దర్వాజ మీద నీలం రంగులో 3-58 అని ఉంది. దర్జీ దర్వాజ మీద అదే నీలం రంగులో 7-63. ఇంటికి ఎన్నిసార్లు సున్నం వేశారో కానీ, అంకెల చుట్టూ జాగ్రత్తగా వదిలేసి వేశారు. పన్ను రసీదుకూ రేషన్ కార్డుకూ ఆ నంబరు కావాలి కదా, చెరిగిపోతే మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలని వాళ్ల భయం.

నేను ఆ ఏడు వైపు చూశాను. ఏడుకు నడుమ ఒక అడ్డగీత ఉంది. మా వైపు ఎవరూ ఏడును అట్లా రాయరు. నాకు లెక్కలు చెప్పిన పంతులు అట్లా నేర్పాడు. నేను ఇప్పటికీ అట్లాగే రాస్తాను.

చైన్‌మన్ ఏదో అడుగుతున్నాడు, నాకు వినిపించలేదు. అంతా గుర్తుకొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఊరంతటికీ ఇంటి నంబర్లు వేసే పని నాకే పడింది. చేతిలో రంగు డబ్బా, కుంచె. ఎండాకాలం. బావి దగ్గర మూడో సిరీస్‌తో మొదలుపెట్టి ఇటు ఒకటి, అటు ఒకటి వేసుకుంటూ గల్లీ మధ్యకు వచ్చేసరికి కళ్లు తిరిగాయి. ఎవరో కోడలు పిల్ల నన్ను చూసి, "ఎండ తాకేటట్టున్నది, జెర కూసో తమ్మీ" అని జొన్న గటుక, పుంటికూర తొక్కు, చెంబెడు చల్ల పెట్టింది. తిని, వేపచెట్టు కింద నులక మంచం మీద నడుం వాల్చాను. లేచేసరికి పొద్దు వాలింది. రంగు డబ్బా పట్టుకుని ఆఖరి బస్సుకు పరుగెత్తాను.

మరునాడు నేను చేయాల్సింది, ఆపిన చోటికి వెళ్లి యాభై తొమ్మిదో నంబరు వేయడం. కానీ బస్సు దిగింది గల్లీకి ఇంకో చివర. ఆ రోడ్డు వారన అంతకు ముందే ఏడో సిరీస్ వేసి ఉంచాను. ఎండలో సగం గల్లీ నడిచి వెళ్లడం ఎందుకని, ఏడో సిరీస్‌నే సాగదీసుకుంటూ ఇటు వచ్చి, దర్జీ ఇంటి దగ్గర ముగించాను. ఎవరికీ ఏ నష్టమూ కనిపించలేదు. పన్ను కట్టడానికి ఏ అంకె అయితేనేం? పంచాయతీ వార్డుల హద్దులు మనుషులకు నోటికి తెలుసు, ఆ రోజుల్లో అంకెలతో పని పడలేదు. ఇన్నేళ్ల తర్వాత నేనే కుర్చీలో కూర్చుని, నా అంకెలను నమ్మి, గీత గీశాను. నేను ఒక మధ్యాహ్నం పడుకున్న చోట ఒక బస్తీ రెండుగా చీలిపోయింది.

దర్వాజ లోంచి ఆమె బయటికి వచ్చింది. నా మొహం, ఆ అంకె మార్చి మార్చి చూసింది.

"నువ్వేనా తమ్మీ! ఆఫీసులనే అనుమానం గొట్టింది. బక్కగ ఉంటివి అప్పుడు, రంగు డబ్బ వట్టుకొని. గటుక తిని పండినవ్, ఎంత లేపినా లేవకపోతివి."

"నేనే అక్కా" అన్నాను.

"నా ఇంట్ల తిని, నన్నే రెండు తుకుడాలు జేసినవా?" అని నవ్వింది. కోప్పడి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది నాకు. కోపానికి జవాబు చెప్పుకోవచ్చు. సిగ్గుతో తల దించుకుని బండెక్కాను. దారి పొడుగునా చైన్‌మన్ కోడిగుడ్ల ధర గురించి చెప్పుకుంటూ వచ్చాడు, గోడ మాట ఎత్తలేదు. అందుకు అతనికి ఇప్పటికీ దండం పెడతాను.

మరునాడు పొద్దున్నే పటేలు వచ్చాడు. ఆ పక్క భూములన్నీ ఒకప్పుడు వాళ్లవే. ఇప్పుడు ప్లాట్లు చేసి అమ్ముతాడు, రాజకీయం చేస్తాడు. నేను బస్తీకి పోయిన సంగతి అప్పటికే ఆయనకు చేరింది. మనిషి చెడ్డవాడు కాదు. మా నాన్న పోయినప్పుడు కబురు అందగానే వచ్చి పక్కన నిలబడ్డవాడు.

"సారూ, లిస్టు మంచిగనే జేసినవ్ గద. మళ్ల కదిలిస్తవని ఇంటున్న?"

"బస్తీ రెండుగా విడిపోయింది పటేలా."

"గది కలిపితే మా వార్డుల మంది తక్కువ పడ్తరు. విల్లాల దిక్కు నుంచి ఒక కాలనీ తెచ్చి మాకు కలుపుతవ్, గప్పుడు ఎక్కువైతరు, మళ్ల ఇంకో దిక్కు కొయ్యాలె. ఎక్కడ కోస్తవ్? మా అన్నదమ్ముల గల్లీనే వస్తది. ఆరు నెలలైతే పూలదండ ఏయించుకొని ఇంటికి పోతవ్. గీ వయసుల తప్పు రాసిచ్చి, మెమో తీసుకొని, పింఛను ఆపించుకొని ఎందుకు పరేషానైతవ్?"

ఆయన బెదిరించలేదు. నా మేలు కోరే చెప్పాడు. ఆ మేలు నాకు చాలా రుచించింది కూడా. నేను గొప్పవాణ్ని అనుకోకండి. మధ్యాహ్నం దాకా ఆ ఫైలు తెరవకుండా, అవసరం లేని పాత రసీదు పుస్తకాలు సర్దుతూ కూర్చున్నాను. పింఛను మీద ఇంట్లో ఎన్ని లెక్కలు వేసుకున్నామో తలుచుకున్నాను. చివరికి ఆ ఏడు మీది అడ్డగీత నన్ను కూర్చోనివ్వలేదు. లేచి మేడం గదిలోకి వెళ్లి, నిలబడే మొత్తం చెప్పేశాను. గటుక దగ్గర నుంచి నిద్ర దాకా, ఏదీ దాచలేదు.

ఆమె పెన్ను పక్కన పెట్టి విన్నది. మెమో మాట ఎత్తలేదు. చాలాసేపు మ్యాపు చూసి ఒకటే అడిగింది.

"ఇట్లా మీరు నిద్రపోయిన చోట్లు ఇంకెన్ని ఉన్నాయండీ?"

మొదట నాకు ఎగతాళి అనిపించింది. కాదు, నిజంగానే అడిగింది. నాకు తెలియదన్నాను. "అయితే నడుద్దాం" అన్నది. విచారణకు ముందున్న రోజుల్లో ఆమె, నేను, చైన్‌మన్ అన్ని వార్డుల హద్దుల వెంట కాలినడకన తిరిగాం. మ్యాపులో ఉన్న బండ్లబాట ఒకటి విల్లాల గోడ కింద ఎప్పుడో మాయమైపోయింది. ఒకచోట మేం హద్దుగా రాసిన నాలా మీద స్లాబు వేసి టిఫిన్ సెంటర్ పెట్టారు. ఆ టిఫిన్ సెంటర్‌లోనే ఇడ్లీ తిని హద్దు మార్చుకున్నాం. ఎండకు మేడం మొహం కందిపోయింది. ఒక్కసారి కూడా "మీవల్లే కదా" అనలేదు. అంతటి పై అధికారి కింద ఉద్యోగం ముగించడం నా అదృష్టం.

విచారణ రోజు ఆఫీసు హాలు నిండింది. అన్ని పార్టీలవాళ్లు, కాలనీ సంఘాలవాళ్లు. బస్తీ నుంచి పనులు మానుకుని ముప్పై నలభై మంది వచ్చి గోడ వారన కింద కూర్చున్నారు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనుషులు వాళ్లు. మేడం వాళ్లను లేపి కుర్చీలు వేయించింది. అభ్యంతరం నంబరు వారీగా పిలుస్తున్నారు. బస్తీ వంతు వచ్చింది.

పటేలు లేచాడు. "మేడం, ఇంటి నంబర్ల ప్రకారం ఏసిన లిస్టు ఇది. గిప్పుడు నంబర్లనే తప్పంటే ఎట్ల? రేపు ఇంకొకడొచ్చి నా నంబర్ తప్పంటడు. ఎవలో ఒకలు పక్కకు పోవాలంటే మా అన్నదమ్ముల్నే విడగొడ్తరా?"

వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. "మమ్ముల విడగొట్టినప్పుడు నీకు కనవడలేదా పటేలా? నీ గల్లీ పోయి పక్క వార్డుల పడ్తే నువ్వు నడిచి పోయి మాట్లాడొస్తవ్, నీకు కారున్నది. మా మాట నడవదు. గందుకే మాకు అందరం ఒక్కకాడ ఉండాలె."

హాలులో నవ్వులు వచ్చాయి. పటేలు కూడా మీసం దువ్వుకుంటూ నవ్వాపుకున్నాడు. మేడం నా వైపు చూసింది. చెప్పమని అనలేదు, ఊరికే చూసింది. నేను లేచాను. రాసుకున్న కాగితం చదవబోయి, అక్షరాలు అలుక్కుపోతే మడిచి జేబులో పెట్టుకున్నాను.

"ఆ నంబర్లు తప్పేనండి. వేసింది నేను" అన్నాను. "ఒక రోజు ఎండకు తాళలేక పని మధ్యలో పడుకున్నాను. మరునాడు బద్ధకించి రెండో చివర నుంచి మొదలుపెట్టాను. గల్లీ ఒకటే. దానికి రెండు సిరీస్‌లు రావడానికి కారణం నా నిద్ర. పటేలు గారి గల్లీ సంగతి వేరు. దానికీ ఊరికీ నడుమ తారు రోడ్డు ఉంది, అది నేల మీద కనిపించే హద్దు. బస్తీ నడుమ ఉన్నది ఇంటి గోడ. గోడ వార్డుకు హద్దు కాకూడదు."

తర్వాత దర్జీ లేచి నిలబడి, "షుక్రియా సాబ్" అన్నాడు. అంతమందిలో నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు ఒప్పుకున్నవాడికి కృతజ్ఞత చెప్పే మనుషులు ఈ లోకంలో ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

బస్తీ అంతా ఒకే వార్డులోకి, విల్లాల వైపు వార్డులోకి వచ్చింది. పటేలు అన్నదమ్ముల గల్లీ తారు రోడ్డు దాటి పక్క వార్డులోకి పోయింది. తుది నివేదికలో మేడం "క్షేత్ర పరిశీలన అనంతరం" అని మాత్రమే రాయించింది. నా పేరు గానీ నా నిద్ర గానీ అందులో లేదు. పింఛను ఆగలేదు. నాకు దండ వేసిన రోజున పటేలు వచ్చి శాలువా కప్పి, చెవిలో "మస్తు పరేషాన్ జేసినవ్ పో" అన్నాడు.

ఎన్నికలు నేను దిగిపోయాక జరిగాయి. అంతా సుఖాంతం అనుకోకండి. బస్తీ తరఫున దర్జీ భార్య నిలబడి ఓడిపోయింది. రోడ్డవతల అపార్టుమెంటులో ఉండే ఒక టీచరమ్మ గెలిచింది. పటేలోళ్ల ఇంటికి మాత్రం, గల్లీ పక్క వార్డులోకి పోయిన పుణ్యాన, ఊరి వార్డులో ఒకటి, పక్క వార్డులో ఒకటి, ఒకటికి రెండు సీట్లు వచ్చాయి. ఆ సంగతి ఆయన నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. కానీ గెలిచిన టీచరమ్మ ప్రమాణం చేసిన మరునాడే బస్తీకి పోయిందట. ఆ వార్డులో అందరికంటే ఎక్కువ ఓట్లున్నది అక్కడే. వాళ్లు కాదంటే మళ్లీ గెలవలేనని ఆమెకు తెలుసు. పైపు ఎప్పుడు వేయిస్తుందో చెప్పేవరకూ అక్క ఆమెను కదలనివ్వలేదని చైన్‌మన్ చెప్పాడు.

పోయిన ఎండాకాలంలో అతనే ఫోన్ చేశాడు. "సార్, బస్తీకి నల్లా వచ్చింది. అక్క రమ్మంటున్నది మిమ్మల్ని."

వెళ్లాను. పైపు విల్లాల గోడను దాటి గల్లీలోకి వచ్చింది. ఆమె ఇంటికీ దర్జీ ఇంటికీ నడుమ గోడకు అటొకటి ఇటొకటి నల్లాలు. దర్జీ నల్లా తిప్పి నాకు చూపించాడు, కట్టేసి మళ్లీ తిప్పి చూపించాడు. దర్వాజల మీద మున్సిపాలిటీ కొత్త నంబరు పలకలు కొట్టారు, రెండిళ్లకూ వరస నంబర్లు. పాత 3-58 మాత్రం ఆ పలక కింద అట్లాగే ఉంది.

ఈ పనికి నేను చెప్పగలిగిన మెళకువ ఇదే పిల్లలూ. గీత గీసే ముందు ఆ గీత వెంట ఒకసారి నడవండి. నడవలేకపోతే, నడిచిరమ్మని పోరు పెట్టే చైన్‌మన్‌ను దూరం చేసుకోకండి. నేను నా తెలివితో గట్టెక్కలేదు. అర్జీ పట్టుకుని నా ఆఫీసు మెట్లెక్కిన ఆ ఇద్దరి వల్ల, మెమోకు బదులు చెప్పులేసుకుని నడిచిన ఆ మేడం వల్ల గట్టెక్కాను. వాళ్లు లేకపోతే నా సర్వీసంతా నేను మంచిగానే చేశానని అనుకుంటూనే చచ్చేవాణ్ని.

ఆ రోజు నల్లా చూపించాక అక్క నన్ను లోపల పీట వేసి కూర్చోబెట్టింది. జొన్న గటుక, పుంటికూర తొక్కు, చెంబు నిండా చల్ల. అప్పటి రుచే.

"తిను తమ్మీ, కడుపు నిండ తిను" అన్నది. "పండనీకి మాత్రం లేదు."

తలుపులోంచి వేపచెట్టు వైపు చూశాను. కింద మంచం లేదు. నేను వస్తున్నానని తెలిసి పొద్దున్నే లోపల పెట్టించిందట.